బతికుండగానే సంతాపసభ

రెండో ప్రూఫులోనూ 'పాలకవర్గం' 'పలకవర్గం'గానే ఉంది. గురుశాంతప్ప ఎర్రసిరాతో దీర్ఘం పెట్టి, పక్కన ఒక గీత కాస్త కసిగా గీశాడు.

ధారవాడలో 'కట్టిరువె' వారపత్రికకు ముప్పై మూడేళ్లుగా ఆయనే ప్రూఫ్ రీడర్. కట్టిరువె అంటే గండుచీమ. కుట్టే మాటలు వేరేవాళ్లవి, కొమ్ములూ దీర్ఘాలూ మాత్రం ఆయనవి. వంగి వంగి మెడ కుడివైపుకు ఒరిగిపోయింది. చూపుడువేలికి అంటిన ఎరుపు ఏ సబ్బుకూ వదల్లేదు. శుభలేఖల్లో తప్పులు దిద్ది వెనక్కి పంపుతాడని బంధువులు పెళ్లిళ్లకు పిలవడం మానేశారు.

పోయిన వారం శీర్షిక రాసే కులకర్ణి జ్వరంతో ఆస్పత్రిలో చేరాడు. అర కాలమ్ ఖాళీ. "ఏదో ఒకటి నింపవయ్యా," అన్నాడు సంపాదకుడు ముధోళ్. గురుశాంతప్ప జన్మలో మొదటిసారి సొంతంగా రాశాడు: "మన ఊళ్లో మనిషి మంచితనం చచ్చాక గానీ బయటపడటం లేదు. కావున ఇకపై బతికున్నవారికే సంతాపసభలు జరుపబడును. రెండు ఫొటోలతో దరఖాస్తు చేసుకోండి. పొగడ్తలు శ్రుతి మించినా లేచి ఖండించరాదు."

పేరు పెట్టుకోలేదు. భార్యకు చూపించలేదు. తానొక్కడే ఏడుసార్లు చదువుకున్నాడు. తప్పు ఒక్కటీ దొరకలేదు.

ఇవాళ పదకొండింటికి ఆ తప్పు మెట్లెక్కి వచ్చింది. హెడ్మాస్టరు తోటప్ప భార్య నీలాంబికక్క. ఆయన పోయి పద్దెనిమిది రోజులు. సంతాపసభ ఘనంగా జరిగింది. ఆమె వెనక మేనల్లుడు పత్రికను చుట్టచుట్టి పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవడు రాశాడిది? మా ఆయన సభలో చెప్పినవన్నీ అబద్ధాలనేగా? పేరు రాయకపోతే ఎవరి గురించో జనానికి తెలీదనుకున్నారా?"

ముధోళ్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "కులకర్ణి రాశాడక్కా. పాపం, ఆస్పత్రిలో ఉన్నాడు."

గురుశాంతప్ప గభాలున లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "నేనే రాశానక్కా."

ఆమె ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వా? నీకు రాయడం కూడా వచ్చా?"

అన్ని తిట్లలోకీ అదే గట్టిగా తగిలింది. "మాస్టారి గురించి కాదక్కా. జనం గురించి. ఉన్నప్పుడు పలకరించకుండా, పోయాక..."

"మరి ఏడుస్తూ వచ్చింది నేనెందుకు? జనం రాలేదేం?"

గురుశాంతప్ప పడిన కుర్చీ లేపి నిలబెట్టాడు. క్షమాపణ రాయడానికి కూర్చున్నాడు. ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని తనిఖీకి దిగింది.

"'ఎవరి మనసైనా నొచ్చి ఉంటే' ఏమిటి? ఉంటే ఏమిటి? నొచ్చింది. అదే రాయి."

ఆయన కొట్టేసి రాశాడు.

అప్పుడు ఇస్త్రీ చొక్కాతో, నున్నటి గడ్డంతో ఎనభై ఏళ్ల ముసలాయన లోపలికొచ్చాడు. సర్కారీ ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన ఈరప్ప. చేతిలో రెండు ఫొటోలు.

"సంతాపసభకి దరఖాస్తు ఇక్కడేనా సర్?"

మేనల్లుడు ఫక్కుమన్నాడు.

"అది తమాషాకి రాసిందన్నా," అన్నాడు గురుశాంతప్ప.

"ఓహో." ఈరప్ప ఫొటోలు జేబులో పెట్టుకున్నాడు. "నాకెవరూ లేరు కదా, పోయాక ఎవరు పెడతారులే అని... తమాషానా! బాగుంది, బాగుంది." మర్యాదకు నవ్వాడు కూడా. గురుశాంతప్పకు తల ఎత్తబుద్ధి కాలేదు.

నీలాంబికక్క కళ్లు చికిలించింది. "నువ్వు ఈరప్పన్నవు కాదూ? మా పెద్దదానికి సూది వేసి నెల్లాళ్లు కుంటించావు!"

"కాస్త పక్కకి పడిందక్కా."

"పడితే పడింది. అది పుండైతే తొమ్మిది రోజులు వానలో ఇంటికొచ్చి కట్టు మార్చావు. డాక్టరు తొంగిచూశాడా? కూర్చో."

ముధోళ్‌కూ గుర్తొచ్చింది. "చిన్నప్పుడు నా కడుపునొప్పి ఈయన ఎర్రమందుతోనే పోయేది."

"అది ఉత్త పంచదార నీళ్లు సర్. మీకు నొప్పేం లేదు, పరీక్షలున్నాయి."

గదిలో అందరూ గొల్లున నవ్వారు. ప్రెస్సువాళ్లు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. ఒకడి చెల్లెలి కాన్పు, ఒకడి తండ్రి పాముకాటు, అన్నీ బయటికొచ్చాయి. మిర్చి బజ్జీలొచ్చాయి. "అంతేం కాదు" అంటూ ఈరప్ప లేవబోయాడు.

"కూర్చో అన్నా! ఖండించకూడదని రాశారుగా," అని కసిరింది నీలాంబికక్క. తర్వాత ఆమె చేతిలో బజ్జీ చల్లారిపోయింది. "నలభై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. ఇలాంటి మాట ఒక్కటి మా ఆయనకి నేనే చెప్పలేదు."

 ఆమె చెంగుతో ముక్కు తుడుచుకుని గురుశాంతప్ప వైపు తిరిగింది. "అయినా క్షమాపణ వెయ్యాల్సిందే. మొదటి పేజీలో."

"వేస్తానక్కా."

ఈరప్పను ఆమె తన కారులోనే ఎక్కించుకుంది. "సైకిలు రేపొచ్చి తీసుకెళ్తా సర్!" అన్నాడాయన కిటికీలోంచి, పెళ్లికొడుకులా.

మర్నాడు మేనల్లుడు ఫోన్ చేశాడు. సైకిలు దగ్గరికి తీసుకొద్దామని వెళ్తే, ఈరప్ప నిద్రలోనే పోయి ఉన్నాడట. గురుశాంతప్ప "ఊఁ" అని ఫోన్ పెట్టేసి, క్షమాపణ ప్రూఫు ముందుకు లాక్కుని చివరిదాకా చదివాడు. ఎర్రసిరా అవసరం రాలేదు. మెట్లు దిగి బయటికొచ్చాడు.

గోడకు ఆనించి సైకిలు అలాగే ఉంది. వాన పడుతుందేమోనని ఈరప్ప సీటుకు ప్లాస్టిక్ సంచి తొడిగి, దారంతో జారుముడి వేసి వెళ్లాడు.