ముంగిట్లో పరిచిన కిట్టం

మా మేనకోడల్ని వీధి వీధంతా వసపిట్ట అనేది. నాలుగేళ్ల పిల్ల, నోరు మూస్తే ఒట్టు. అలాంటిది కొన్నాళ్లుగా నన్ను నీళ్లడగడానికి కూడా మాట వెతుక్కుంటోంది. పొట్ట పట్టుకుని మూల కూర్చుంటోంది. దాన్ని చూస్తే నాకు భయం, ఆ వెంటనే ఒళ్లు మంట. ఎవరి మీద చూపించాలో తెలియక వీధి మీద పడ్డాను.

తిట్టిపోయడానికి మా వీధిలో కరువా? ఈ చివర బట్టీ. పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి పలకలు కరిగించి సీసం దిమ్మలు పోస్తారు. మా తమ్ముడి పని అక్కడే. దాని పక్కన బట్టల అద్దకం షెడ్డు, వాళ్లు ఏ రంగు వేస్తే ఆ రోజు కాలువది ఆ రంగు. ఆ చివర లారీల దారి, ఆ హారన్లకు చచ్చినవాడు కూడా లేచి కూర్చోవాల్సిందే. నేను బట్టలు కుడతాను. తెల్లగుడ్డ కిటికీ దగ్గర పెడితే సాయంత్రానికి మసిగుడ్డే.

"పొగే పిల్లని తినేస్తోంది," అన్నాన్నేను.

"కాదొదినా, ఆ నీళ్లే. మొన్న కాలువ పొంగి బోరు దాకా వచ్చిందిగా," అంది మరదలు.

తమ్ముడు ఏదీ కాదనలేదు. కిటికీలకు ప్లాస్టిక్ పట్టాలు బిగించాడు. దూరం నుంచి క్యాన్లతో నీళ్లు మోశాడు. లారీలు వెళ్తుంటే పిల్ల చెవులకు తన రెండు చేతులూ అడ్డంపెట్టేవాడు. బట్టీలోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుంటే గానీ పిల్లని ఎత్తుకునేవాడు కాదు. "నీ చాదస్తం సంతకెళ్ల!" అని నేనే వేళాకోళం చేసేదాన్ని. అయినా పిల్ల రోజురోజుకీ వాడిపోయింది. ఆఖరికి ముగ్గురం కలిసి దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాం.

రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ తలెత్తింది. "పిల్ల రక్తంలో సీసం ఉంది. చాలా ఉంది. ఇంట్లో సీసం ఏమైనా ఉంచారా?"

"చిన్న ముక్క కూడా లేదు మేడమ్," అన్నాడు తమ్ముడు. "బట్టీ గేటు దగ్గర జేబులు తడిమి మరీ పంపిస్తారు. పిల్ల మీద ఒట్టు."

వాడు అబద్ధమాడలేదు. వాడికి అబద్ధం చేతకాదు.

"మరి పిల్ల ఎక్కడ ఆడుకుంటుంది? మట్టి నోట్లో పెట్టుకుంటుందా?"

"మా ముంగిట్లో మట్టే లేదండీ," అంది మరదలు. "బురదలో జారి పడుతోందని ఈయన కిట్టం పరిచారు."

"కిట్టమంటే?"

పని గురించి అడిగితే తమ్ముడికి హుషారొస్తుంది. "పలకలు కరిగాక పైన తెట్టు తేలుతుంది మేడమ్. దాన్ని తీసి పక్కన పోస్తాం. నల్లగా గట్టిపడుతుంది. ఎవరూ కొనరు, పారబోసేదే. నలగ్గొట్టి పరిస్తే నేల దిట్టంగా ఉంటుంది."

"అందులో సీసం లేదని ఎవరు చెప్పారు?"

"అది కిట్టం మేడమ్. సీసమంటే దిమ్మ..." అని ఆగిపోయాడు. బట్టీలో అమ్ముడుపోయేది సీసం, పోనిది కిట్టం. ఇన్నేళ్లూ వాళ్లకు ఆ రెండూ వేరు.

"బువ్వలాట ఆడుతుంది మేడమ్," అన్నాడు. "ఆ పొడే అన్నమని మూతల్లో పెట్టి నాకు వడ్డిస్తుంది. నేను ఉత్తుత్తినే నమిలితే, అలా కాదు నాన్నా, ఇదిగో ఇలా తినాలని తను నోట్లో వేసుకుని చూపించేది. నేను నవ్వేవాణ్ని."

మరదలు పిల్లని గుండెకు అదుముకుని భోరున ఏడ్చింది.

"ఇక్కడ చేర్చుకుని మందిస్తాం," అంది డాక్టరమ్మ. "ఒంట్లోకి వెళ్లిన సీసం కొంతైనా బయటికొస్తుంది. తగ్గిన మాట ఎంతవరకు తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేను. పిల్ల ఇంటికొచ్చేలోగా ఆ ముంగిలి తవ్వించి కొత్తమట్టి పోయండి. దుమ్ము లేవకుండా తడిపి మరీ ఎత్తండి."

తల్లినీ పిల్లనీ అక్కడ ఉంచి మేమిద్దరం ఇంటికొచ్చాం. తమ్ముడు ముక్కుకు గుడ్డ కట్టుకుని, నేల తడిపి, పార పట్టాడు. నేను గోనెసంచి మూతి పట్టుకున్నాను. తిడదామని వచ్చినదాన్ని, వాడి మొహం చూసి నోరు రాలేదు. పిల్ల కాలికి బురదంటకూడదని తన చేతులారా పరుచుకున్న నేల అది.

తిరిగి బట్టీ షెడ్డులోనే పడేద్దామని సంచులు తోపుడుబండి మీదకెక్కించి వీధిలోకి తోశాడు. నాలుగిళ్లు దాటామో లేదో, ఒక గుమ్మంలోంచి ఓ ఇల్లాలి పిలుపు.

"అన్నా, ఆగాగు! కిట్టమేనా? ఎక్కడికో ఎందుకు, మా ముందు దించేసి పో. నువ్వు అప్పుడు పోసింది అణిగిపోయి మళ్లీ గుంటలు పడ్డాయి."

అటూ ఇటూ చూశాను. బురద లేని ప్రతి ముంగిలీ నల్లగానే ఉంది. అడిగినవాళ్లకల్లా కాదనకుండా మోసుకొచ్చి పోశాడు, నా తండ్రి! మంచివాడని పేరు కూడా తెచ్చుకున్నాడు.

తమ్ముడు బండి దించి, ముక్కుకున్న గుడ్డ విప్పాడు. "చెల్లెమ్మా, ముందు బాబుని ఎత్తుకో," అన్నాడు.

ఆ నల్లటి నేల మీద పాకుతున్నవాణ్ని ఆమె అయోమయంగా చంకనేసుకుంది. తమ్ముడు ఏదీ దాచకుండా అంతా చెప్పాడు. తిడుతుందనుకున్నాను. చేతిలో ఏదుంటే అది విసురుతుందనుకున్నాను. విసిరినా తప్పేముంది? ఆమె అవేవీ చేయలేదు. పిల్లాడి అరచేతులు తన బట్టలకే రుద్ది రుద్ది తుడుస్తూ ఒక్కటే అడిగింది.

"మావాడికి ఇంకా మాటలే రాలేదన్నా. వస్తాయంటావా?"