తిరుపాలమ్మ చేన్లో వజ్రం

వజ్రకరూరు దిక్కున తొలకరి పడిందంటే రైతుకు ఒక తొందర, ఊరి మీది జనానికి ఇంకో తొందర. రైతు విత్తనం వేయాలని ఉరుకుతాడు. జనం చేలల్లో వజ్రాలు ఏరుకోవాలని ఉరుకుతారు. పైమన్ను కొట్టుకుపోయి తేలిన రాళ్లలో ఒక్కటైనా మెరవకపోతుందా అని ఆశ. ఎవరికో ఒకరికి దొరుకుతుంది కూడా. దొరికినవాడు మాత్రం చచ్చినా ఒప్పుకోడు. అందుకే ఆ సీమలో "నాకేం దొరకలేదు" అన్న మాట కన్నా పెద్ద సాక్ష్యం లేదు!

వీరేష్‌కు ఈ సంగతి బాగా తెలుసు. ఊరిని ఆటపట్టించడం అతనికి అన్నం కన్నా ఇష్టం. నిరుడు దూడకు మసి చుక్కలు పెట్టి, గుట్ట మీది నుంచి చిరుతపులి దిగిందని ఫోన్లలో తిప్పి, ఊరంతా పొద్దుగూకకముందే తలుపులు వేసుకునేలా చేసిన ఘనుడు. ఈసారి తళతళలాడే రాయి ఒకటి, వరసకు అత్తయ్యే తిరుపాలమ్మ చేన్లో పెట్టి వీడియో తీసి, రాయిని మళ్లీ జేబులో వేసుకున్నాడు. "మా అత్త చేన్లో వజ్రం దొరికింది సూడండప్పా" అని ఆ వీడియోను ఫోన్లలో వదిలాడు. మర్నాడు తెల్లవారేసరికి గుంతకల్లు నుంచి, బళ్లారి నుంచి ఆటోలు దిగాయి.

తిరుపాలమ్మ చేనికి పరుగెత్తింది. మొన్నటి వానకు చేను మంచి పదును మీద ఉంది. ఆ పదును ఆరేలోగా శెనక్కాయ విత్తనం పడాలి, లేదంటే ఈ ఏడూ బీడే. రెండేళ్లు వాన మోసం చేస్తే, మూడో ఏడు ఈ కోతి వెధవ చేశాడు!

"వజ్రమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. పోండప్పా, విత్తనమేసుకోవల్ల," అని మొత్తుకుంది.

"ఎట్ల దాస్తాండాదో సూడు!" అని ఒకడు పకపకా నవ్వాడు.

ఆమె కాదన్నకొద్దీ జనం పెరిగారు. మొగుడు శివప్ప గట్టు మీద కూలబడి, "పోనీలే, మన రాత ఇంతే," అన్నాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"రాత కాదు, వీరేశుగాని కూత! నువ్వు ఊరికే సూస్తాండు."

వీరేష్ ఎదుటి గట్టునే నిలబడి తమాషా చూస్తున్నాడు. ఆమె కొంగు బిగించి, చేను నడుమకు వెళ్లి, అందరికీ వినబడేలా గొంతెత్తింది.

"ఒరే వీరేశా! పోయిన నెల ఈ చేన్లో మన్ను ట్రాక్టరుతో తోలకపోయి నీ కొత్తింటి వాకిట్లో పోసుకుంటివే! ఆ మన్ను నాకు వాపసు తెచ్చియ్యి. చారెడు తక్కువైనా ఊరుకోను!"

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మన్ను తోలుకుపోయిన మాట నిజమే, అది ఆమె మన్నే. అయినా చారెడు మన్నుకు ఇంత పట్టుదలేమని జనం ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.

"ఆ మన్నులో ఏముంటాదత్తా, ఉత్త మన్నే," అన్నాడు వీరేష్ నవ్వు ఆపి.

అంతే! కాదన్నాడంటే ఉన్నట్టే కదా. పారలు, జల్లెళ్లు ఎత్తుకుని జనమంతా వీరేష్ ఇంటి మీద పడ్డారు. వాకిలి గుంతలైపోయింది. గడ్డపార అరుగు కిందికి దిగేసరికి వీరేష్ లబోదిబోమన్నాడు.

"అయ్యా, వీడియోలోది వజ్రం కాదు! నా పెండ్లాం కమ్మలో రాయి!"

"దొరికినోళ్లంతా ఇట్లే చెప్తారులే," అంటూ ఒకడు ఇంకో పెళ్ల లేపాడు.

అతని భార్య వనజాక్షి ఆ మాట విని గడప దాటి వచ్చింది. "నా కమ్మ రాయా? పోయిందని నేను ఇల్లంతా చీపురు పట్టుకుని ఎతుకుతాంటే, నువ్వు గూడా మంచం కింద దూరి ఎతికితివి కదా!" అంటూ అతని జేబులోంచి రాయి లాగింది. రాయి ఊడిన బోసి కమ్మ తెచ్చి అందరి ముందూ పొదిగింది. సరిగ్గా కూర్చుంది. కొందరు నవ్వారు, కొందరు బూతులు తిట్టారు. అందరూ పారలు భుజాన వేసుకుని ఆటోలెక్కారు.

మధ్యాహ్నానికి వీరేష్ తలొంచుకుని తన ట్రాక్టర్‌ను ఆమె చేనికి తెచ్చాడు. దిగువ చేన్లో మన్ను పిడికిట పడితే ఇంకా ముద్ద కడుతోంది. అక్కడ మళ్లీ దున్ని, పొద్దుగూకేలోగా విత్తారు. ఎత్తున ఉన్న మెరక చేను మాత్రం అంతమంది తొక్కిడికి గట్టిపడి, ఎండకు ఆరిపోయింది. విత్తిన నేలను చూసి తిరుపాలమ్మకు ప్రాణం లేచొచ్చింది, మెరకను చూస్తే మళ్లీ కడుపు రగిలింది.

"తప్పయిపాయ అత్తా," అన్నాడు వీరేష్. "మెరకకు విత్తనం నాదే, సేద్యం నాదే. ఈ వారంలో మళ్లా వానొస్తాది. ఒట్టు, ఈసారి నిజంగా చెప్తాండా."

ఆమె ఆకాశం వంక చూసింది. ఎక్కడా మబ్బు తునక లేదు.

"నువ్వు చెప్పినావంటే వచ్చే వాన గూడా దారి మళ్లుకోని పోతాదిరా!" అంటూ ట్రాక్టర్ తాళంచెవి లాక్కుని కొంగున ముడేసుకుంది. "ఈ బండి ఈడే ఉంటాది. వాన పడినంక వచ్చి, మెరక విత్తి, అప్పుడు తోలకపో."

ఆ పూట నుంచి ఊళ్లో అందరికన్నా ఎక్కువగా ఆకాశం చూసినవాడు వీరేషే.