వినపడేంత దూరం

మా పాస్టరుగారు సియోల్ మనిషి. నీళ్లంటే ఆయనకు కుళాయి తిప్పితే వచ్చేవే. ఆదివారం ప్రసంగంలో చూపించడానికి, నేను సముద్రంలో మునిగేటప్పుడు నడుముకు కట్టుకునే సీసపు దట్టీ తెమ్మని అడిగినప్పుడు, అది మీ నడుము మోసే సరుకు కాదండీ అని ముందే చెప్పాను. వింటేగా. వేదిక మీద నిలబడి ఆరు కిలోల సీసం చుట్టుకున్నాడు. దట్టీతో పాటు ప్యాంటు కూడా కిందికి బయలుదేరింది. ఒక చేత్తో బైబిలు, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని మిగతా ప్రసంగం కానిచ్చాడు. చర్చిలో ఉన్న పధ్నాలుగు మందీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

"దేవుడి సిపాయి తొడుక్కునేవాటిల్లో అపొస్తలుడు ముందు దేని పేరు చెప్పాడు? కత్తి కాదు, డాలూ కాదు. దట్టీ. సత్యమనే దట్టీ. అది బిగించుకోకపోతే మిగతావేవీ ఒంటిమీద నిలవవు," అన్నాడు. తన ప్యాంటు సంగతి తలుచుకునే అన్నాడో లేదో తెలియదు. "చున్‌సెంగ్ అమ్మగారూ, మీరు చెప్పండి. ఇది లేకుండా సముద్రంలో దిగితే ఏమవుతుంది?"

"ఏమవుతుందీ, తేలతాం," అన్నాను. "రబ్బరు బట్ట మనిషిని కిందికి పోనివ్వదు. దట్టీ లేకుండా ఎంత కాళ్లు కొట్టుకున్నా పైపైనే. అడుగు కంటికి కనిపిస్తుంది, చేతికి అందదు."

ఆయన "ఆమేన్" అన్నాడు. అందరూ "ఆమేన్" అన్నారు. నేను అనలేదు. నాలుగేళ్లుగా నేను పైపైనే తేలుతున్నాను, ఆ సంగతి ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

అరవై తొమ్మిదేళ్లు నాకు. యాభై ఏళ్లుగా ఈ జెజూ దీవి సముద్రంలో మునిగి గుల్లలు ఏరుకుని బతుకుతున్నాను. మునిగే ఆడవాళ్లలో చర్చికి పోయేది నేనొక్కదాన్నే. రెండో నెలలో ఊరంతా ఒడ్డున చేరి బియ్యం కాగితంలో పొట్లాలు కట్టి సముద్రపు రాజుకు వేస్తారు. నేను ఇంట్లో కూర్చుంటాను. అందుకని నాకు యేసమ్మ అని పేరు పెట్టారు. పేరుతో ఆగితే బాగుండేది. ఆ రాజుకు నా మీద కోపం వస్తే పక్కనున్నదాని మీద కూడా పడుతుందని నాతో జతకు ఎవరూ దిగేవాళ్లు కాదు. జత లేకుండా దిగడం మా కట్టుబాటులో లేదు.

కీవొల్ తనంతట తనే వచ్చి నా జత కట్టింది. "నీ పేరు మీద కూడా ఓ పొట్లం వేశానే," అనేది ప్రతి ఏడూ. "మీ యేసుకి చెప్పకు, నొచ్చుకుంటాడు." ముప్పై ఒక్కేళ్లు మేమిద్దరం ఒకళ్ల ఈల ఒకళ్లం వింటూ మునిగాం. నీటి అడుగు నుంచి పైకి వచ్చి బిగబట్టిన ఊపిరి వదిలినప్పుడు నోట్లోంచి ఈల వస్తుంది. ఎవరి ఈల వారిదే. జతగత్తె ఈల వినపడనంత దూరం పోకూడదు. మాకు ఉన్న కట్టుబాట్లన్నిటిలోకీ పెద్దది అదే.

నాలుగేళ్ల కిందట ఏప్రిల్లో కీవొల్ నీళ్లలోనే పోయింది. నీళ్ల మీద తేలే సొరబుర్రకు కట్టిన ఆమె వల సంచిలో అరచేయికి మించిన జొన్‌బొక్ దొరికింది. ఆ గుల్ల మా ఒడ్డున దొరకడం మానేసి చాలా ఏళ్లయింది, కాకిబండ దగ్గర తప్ప. కాకిబండ అంటే గాలి ఉన్న రోజున ఈల కాదు, కేక పెట్టినా వినపడని చోటు. కీవొల్ ఆశకు పోయిందని, ఊపిరి అయిపోతున్నా గుల్లను వదల్లేక పోయిందని ఊరు అనుకుంది. నేను పిలుస్తున్నా వినకుండా పోయిందని నేను చెప్పాను.

పోయింది నేను. పిలిచింది ఆమె.

ఆదివారం చర్చి నుంచి తిరిగి వచ్చేసరికి కీవొల్ కూతురు మీర్యంగ్ మా వాకిట్లో కూర్చుని ఉంది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. బూసాన్‌లో బూట్ల ఫ్యాక్టరీ మూతపడితే, మొగుడితో తెగతెంపులు చేసుకుని, చలికాలంలో ఊరికి చేరింది. నన్ను చూసి లేచి నిలబడింది.

"పిన్నీ, బుధవారం నిప్పుగూడు దగ్గర నా సంగతి తేలుస్తారంట. మునిగేవాళ్లలో అమ్మ చోటు నాకిమ్మని అడిగాను."

"విన్నాను."

"ఆశపోతు కూతురు, దీనికి జత ఎవరు దిగుతారు అంటున్నారంట. నువ్వు దిగుతానంటే ఇంకెవరూ మాట్లాడరు. అంటావా పిన్నీ?"

"అంటాలే. అన్నం తిన్నావా?"

బార్లీ అన్నం, సముద్రపు నాచు పులుసు ఉన్నాయి. రెండో గిన్నె తీయాలంటే అలమర అడుగున వెతకాల్సి వచ్చింది. నా ఇంట్లో రెండో గిన్నెతో పని పడి చాలా రోజులైంది. మీర్యంగ్ తలొంచుకుని తింటూ ఉన్నట్టుండి అంది:

"నాకింకా ఏడుపు రాలేదు పిన్నీ. అమ్మ పోయినప్పుడూ రాలేదు. ఇప్పటికీ రాదు. కోపమే వస్తుంది. ఒక గుల్ల కోసం పోయిందా? నేను ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడి పెట్టేసేది, పనుందే అని. ఆ పని ఇదా?"

నేను లేచి వెళ్లి పులుసు ఇంకొంచెం తెచ్చి పోశాను. అంతకన్నా ఏమీ చేయలేకపోయాను. ఆ పిల్ల చేతులు కడుక్కుని వెళ్లిపోయాక, నాలో నేను లెక్క సరిచేసుకున్నాను. జతకు దిగుతాను, పని నేర్పుతాను, మంచి చోట్లు చూపిస్తాను. తల్లి లేని పిల్లకు తల్లిలా ఉంటాను. దేవుడు ఇంకేం అడుగుతాడు? మంచితనంతో అబద్ధాన్ని కప్పేయడం ఎంత సుఖంగా ఉంటుందో ఆ మూడు రోజులు నాకు బాగా తెలిసింది. సుఖంగా ఉంది గానీ తిండి మాత్రం సయించలేదు.

బుధవారం ఆటుపోటు చూసుకుని పది గంటలకు అందరం చేరాం. మునిగేవాళ్లం చలి కాచుకుంటూ మంచీచెడూ తేల్చుకునే చోటు అదే, గుండ్రంగా రాళ్లు పేర్చిన నిప్పుగూడులో పదకొండు మందిమి. ఎవరెక్కడ కూర్చోవాలో మాకు ముందు నుంచీ ఉంది. లోతుకు పోగలిగినవాళ్లు పొగ రాని వైపు, చేతగానివాళ్లు పొగ వైపు. నాది పెద్దామె తెసున్ పక్కన, పొగ రాని చోటు. కీవొల్ పోయాక నాకు జత లేదు, తెసున్ ఈల వినపడే చోటే దిగేదాన్ని.

"జత ఎవరు?" అంది తెసున్. డెబ్బై నాలుగేళ్లొచ్చినా ఆవిడ గొంతు గట్టు మీది దాకా వినపడుతుంది.

"నేను," అన్నాను.

"యేసమ్మా? తల్లి చేసింది చాల్లేదా నీకు? కూతురు కూడా కావాలా?" అని ఎవరో అన్నారు. నవ్వులు. నేను కూడా నవ్వాననుకుంటాను.

తెసున్ చెయ్యెత్తింది. "సరే. జత దొరికింది. ఇంకొకటి ఉంది. వినపడేంత దూరం దాటినదాని ఇంటికి చోటు పోతుంది. మళ్లీ కావాలంటే ఆ ఇంటి మనిషి ఇక్కడ నిలబడి, తప్పు మాదే అని ఒప్పుకోవాలి. ఇది నేను పెట్టింది కాదు, మా అత్తల నాటిది. లే మీర్యంగ్, ఒక్క మాట అనేసెయ్, అయిపోతుంది."

మీర్యంగ్ లేచింది. తల్లి పాత రబ్బరు బట్టే వేసుకుంది, భుజాల దగ్గర వదులుగా ఉంది. చేతులు ముందుకు కట్టుకుంది.

"మా అమ్మ," అంది. ఆగింది. "మా అమ్మ ఆశకు పోయి..."

"కూర్చో," అన్నాను.

"ఒక్క మాటే కదా, అననీ," అంది తెసున్.

"ఆ మాట దానిది కాదు. నాది."

లేచి నిలబడ్డాను. దాచడమెందుకు, భయమేసింది. ఈ పదిమంది తప్ప పలకరించే మనిషి నాకు లేదు. యేసమ్మా అని వెక్కిరించినా సరే, పిలుస్తారు కదా. ఇవాళ్టితో ఆ పిలుపు కూడా పోతుందని తెలుసు. చెయ్యి దానంతటదే నడుము మీదికి పోయి దట్టీ పట్టుకుంది.

"కాకిబండకి పోయింది నేను. కీవొల్ ఉండాల్సిన చోటే ఉంది. దూరం పోకే అని నన్ను పిలిచింది. జొన్‌బొక్ కనిపించింది, పోయాను. పైకి వచ్చాక ఈల కోసం విన్నాను, వినపడలేదు. గాలి అనుకుని మళ్లీ మునిగాను. గుల్ల తీసుకుని తిరిగొచ్చేసరికి కీవొల్ సొరబుర్ర ఒక్కటే నీళ్ల మీద తేలుతోంది. చేతికి కట్టుకున్న, గుల్లలు పెకలించే ఇనపబద్ద తాడు రాతి సందులో చిక్కుకుంది. నేను పక్కన ఉంటే రెండు క్షణాల పని. కోసి పైకి తెచ్చేదాన్ని. ఆలస్యంగా కోసి తెచ్చేసరికి మీరంతా ఈదుకుంటూ వస్తున్నారు. నా సంచిలో గుల్ల ఉంటే ఎక్కడిదని అడుగుతారు. తీసి దాని సంచిలో వేశాను. కాకిబండ దగ్గర్నుంచి దాన్ని లాక్కొచ్చానని మీతో అన్నాను."

మంటలో తడి కట్టె చిటపటమంది.

"చచ్చినదాని సంచిలో," అంది తెసున్. "నాలుగేళ్లు నా పక్కన కూర్చున్నావు."

"అవును."

"మీ చర్చిలో ఇదేనా నేర్పేది?"

"కాదు. అక్కడ వేరే నేర్పుతారు. నేనే నేర్చుకోలేదు."

మీర్యంగ్ నా వంక చూడలేదు. గోడకు తగిలించిన తల్లి సొరబుర్రను తీసి చంకలో పెట్టుకుని, రాళ్ల మీదుగా ఒడ్డుకు వెళ్లిపోయింది. కాసేపటికి అటు నుంచి ఏడుపు వినిపించింది. నాలుగేళ్లు దాచుకున్న ఏడుపు, పెద్దగా, సిగ్గు లేకుండా. ఇద్దరు లేచి అటు పరుగెత్తారు. నేను లేవబోతే తెసున్ నా వైపు చూసింది. కూర్చుండిపోయాను.

కట్టుబాటు ప్రకారం నా చోటు పోయింది. దట్టీ విప్పి రాళ్ల మీద పెట్టాను. మీర్యంగ్‌కు చోటిచ్చారు, జతకు తెసున్ తానే దిగుతానంది. నాతో ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం పాస్టరుగారు జావ పట్టుకొచ్చారు. "చాలా ధైర్యం చేశారమ్మా, సత్యం మిమ్మల్ని కాపాడుతుంది," అన్నారు.

"దేన్నుంచండీ?" అని విసుక్కున్నాను. "చోటు పోయింది, మనుషులు పోయారు. ఈ పాటి కాపాడటం చాలు."

పాపం, ఆయన నొచ్చుకున్నాడు. జావ మాత్రం బాగుంది. తిన్నాను. చాలా రోజుల తర్వాత తిన్నది తిన్నట్టు లోపలికి పోయింది.

తర్వాత రోజులన్నీ ఒకేలా గడిచాయి. కొట్టుకు వెళ్తే మాటలు ఆగిపోయేవి. వచ్చేశాక మళ్లీ మొదలయ్యేవి. ఆటుపోటు వేళకు కాళ్లు వాటంతటవే ఒడ్డుకు తీసుకుపోయేవి. గోడ మీద కూర్చుని ఈలలు వినేదాన్ని. అందరివీ గుర్తుపట్టగలను. మీర్యంగ్‌ది ఇంకా ఈల కాలేదు, దగ్గులా వచ్చేది.

మూడోవారం ఒక మధ్యాహ్నం ఆ పిల్ల తడి జుట్టుతో మా వాకిట్లోకి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఒక్కటి అడగడానికొచ్చాను. ఆ రోజు దిగే ముందు అమ్మ ఏమంది? నా గురించి ఏమైనా అందా?"

నా నోటి దాకా వచ్చేసింది. మీర్యంగ్ ఎలా ఉందో అంది, బెంగగా ఉందంది, ఈ వేసవికి పిలిపించుకుంటానంది. ఏదో ఒకటి. ఎంత చల్లగా ఉంటుంది ఆ పిల్లకి. నన్ను చూసే చూపు కూడా ఒకింత మెత్తబడుతుంది. అడిగినదానికి ఒక్క మంచి అబద్ధం ఇస్తే పోయేదేముంది? ఆ పిల్ల కళ్లు నా నోటి మీదే ఉన్నాయి. నడుముకు దట్టీ లేదు, అయినా చెయ్యి అక్కడికే పోయింది.

"లేదమ్మా. నీ గురించి ఏమీ అనలేదు."

"ఇంకేమంది?"

"ముల్లంగి ఎక్కువైంది, పోతూ పోతూ నాలుగు పట్టుకుపో అంది. మొన్నటి పచ్చడిలో నేను ఉప్పెక్కువ వేశానని తిట్టింది. దూరం పోకే, నీ ఈల వినపడాలి అంది. అంతే."

"ముల్లంగా?"

"ముల్లంగే."

మూతి వంకర పోయింది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

"సరే. ఇది నిజం," అంది. "నాకు అబద్ధం చెప్పాలనుకుంటే ఇంతకన్నా మంచిదే చెప్పేదానివి." తిరిగి నాలుగడుగులు వేసి, ఇటు చూడకుండానే అంది, "అయితే అది కూడా నిజమేనన్నమాట. అమ్మ ఉన్నచోటే ఉంది."

"ఉన్నచోటే ఉంది."

వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. వస్తుందని నేను అనుకోవడమూ లేదు.

ఇవాళ ఆటుకు ముందే పోయి గోడ మీద కూర్చున్నాను. గాలి ఎదురుగా ఉంది. తెసున్ ఈల వచ్చింది, పాతది, బొంగురుది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. లేచి నిలబడ్డాను. అప్పుడు వచ్చింది. దగ్గు కాదు, ఈలే. మధ్యలో కొంచెం విరిగి, చివరికి పైకి లేచే ఈల, అచ్చు కీవొల్‌దే. నేను మళ్లీ కూర్చున్నాను. ఇక్కడి నుంచి బాగా వినపడుతుంది.