కప్పు మూల లాగుడు

మూడోసారి కూడా అదే అంకె వచ్చింది. మారెన్ కళ్లద్దాలు తీసి ముక్కు మొదట్లో నొక్కుకుంది. నమూనాల మీదికి గాలి తోలి పరీక్షించే గాలి సొరంగంలో ఫ్యాను ఇంకా పూర్తిగా ఆగలేదు. లోపల బల్ల మీద, ఉత్తర యూట్లండ్‌లో కట్టబోయే ఐస్ హాకీ హాలు నమూనా ఉంది. దాని కప్పు నిండా గుండుసూది మొనంత రంధ్రాలు, ఒక్కోదాని కింద గాలి ఒత్తిడి కొలిచే ఒక సన్నని గొట్టం. గాలి కప్పును నొక్కుతుందని జనం అనుకుంటారు. మూలల దగ్గర మాత్రం అది కప్పును పైకి లాగుతుంది. ఆ లాగుడు అనుకున్నదానికి ఒకటిన్నర రెట్లుంది.

కొత్త హాలుకు ఇబ్బంది లేదు. అది ఇంకా కాగితం మీదే ఉంది, బోల్టులు పెంచితే సరిపోతుంది. కానీ ఇదే ఆకారపు కప్పు ఇంకోటి సముద్రపు ఒడ్డున ఈతకొలను మీద ఉంది. పందొమ్మిదేళ్ల కిందట దాని లెక్క కట్టింది తనే. అప్పటి గొట్టాలు పొడవు. గాలి విసుర్లు దారిలోనే సద్దుమణిగి, లాగుడు ఉన్నదానికన్నా తక్కువగా కనబడేది. ఆ తేడా కలిపి లెక్కేయాలని తెలిసీ, గడువు తరుముతుంటే వదిలేసింది.

"ఇన్నేళ్లు నిలబడింది కదా, ఇప్పుడెందుకు కెలకడం?" అన్నాడు పై అధికారి హోల్గర్.

"పెద్ద గాలి ఇంకా ఆ మూలకు తగిలే దిక్కు నుంచి రాలేదు, అంతే."

"వచ్చే ఏడు రిటైరవుతున్నావ్. హాయిగా వెళ్లొచ్చుగా."

"వెళ్లాక నా మాట ఎవరు వింటారు?"

ఈతకొలను చూసుకునే ఆస్గర్‌కు ఫోన్ చేసి కప్పు మూల సంగతి అడిగింది. "పడమటి గాలికి ఆ మూల టకటకమంటుందండీ. పక్షులు తిరుగుతున్నాయనుకున్నాం" అన్నాడతను.

నివేదిక మొదటి వాక్యం ఇలా రాసింది: "పాత లెక్క తప్పు. చేసింది నేను."

మరమ్మతు కోసం కొలను పదకొండు వారాలు మూతపడింది. "లెక్క తప్పు చేసింది ఆవిడ, ఈత లేక కీళ్లనొప్పులు మాకు" అని పొద్దుటిపూట ఈదే ముసలమ్మలు స్థానిక పత్రికకు రాశారు. పనివాళ్లు కప్పు మూల విప్పితే తొమ్మిది బోల్టులు వదులయ్యున్నాయి, రెండు తెగిపోయున్నాయి. ఆ సంగతి పత్రికలో రాలేదు. ఆ చలికాలం పెద్ద గాలీ రాలేదు.

మళ్లీ తెరిచిన రోజు మారెన్ వెళ్లింది. ఒక ముసలావిడ తువ్వాలు భుజాన వేసుకుని దగ్గరికొచ్చింది.

"ఆ గాలి లెక్కల మనిషివి నువ్వేనా?"

"నేనే."

"నీళ్లు చల్లగా ఉన్నాయి. అదీ నీ పుణ్యమేనా?"

"కాదమ్మా, అది నాది కాదు."

"పోనీలే, ఒక్క తప్పైనా నీది కాదన్నావ్" అంటూ ఆవిడ నీళ్లలోకి దిగింది. ఈత బట్టలు తేవాలని మారెన్‌కు తోచనేలేదు. గోడవార బెంచీ మీద కూలబడి, కోటు విప్పకుండానే కునుకు తీసింది.