అక్క వేలి చప్పుడు

ఆ గది గోడలన్నిటికీ మెత్తటి స్పాంజి. తలుపు మూస్తే బయటి లోకం నీళ్లలో మునిగినట్టు మాయమైపోతుంది. చూపులేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే గది అది. రిటైరైన సాహిత్యం మాస్టారు మధ్యాహ్నాలన్నీ అక్కడే గడుపుతారు.

ఈసారి పుస్తకం ఒక సాధువు కథ. దేవుడి మీద తాను కట్టిన పాటను ఆయన సంతలో పాడుతుంటే జనం పగలబడి నవ్వుతారు. ఆ నవ్వు దగ్గరే రికార్డింగు బండి ఆగిపోయింది.

“అది నవ్వులా లేదండీ మాస్టారూ, దగ్గొచ్చినట్టుంది,” అన్నాడు అద్దం అవతల నుంచి రికార్డింగు ఆయన. “మీరెప్పుడూ ఎవర్నీ ఎగతాళి చేసినట్టు లేదు.”

మాస్టారు ఎగతాళి సాహిత్యానికి ఉప్పులాంటిదని ముప్పై ఏళ్లు పాఠం చెప్పారు. పుండు మీద పడ్డా అది ఉప్పేనని ఏనాడూ చెప్పలేదు. ఇరవయ్యో ఏట, వంటింట్లో అక్క తాను రాసుకున్న ప్రార్థన పాట పాడుతుంటే విని స్నేహితుల ముందు ఆయన నవ్విన నవ్వొకటి లోపల చెక్కుచెదరకుండా ఉంది. ఆ తర్వాత అక్క మళ్లీ పాట రాయలేదు.

అది తప్ప ఆయన దగ్గర మరో ఎగతాళి నవ్వు లేదు. చిక్కేమిటంటే, ఇక్కడ రికార్డయిన ప్రతి పుస్తకాన్నీ ముందుగా విని తప్పులు పట్టేది అక్కే. ఆమెకు చూపు పోయి ఆరేళ్లయింది. తప్పు దొర్లిన చోటల్లా వేలితో బల్ల మీద ఒక్కసారి కొడుతుంది.

మాస్టారు కళ్లు మూసుకుని ఆ నవ్వే నవ్వారు.

“ఆఁ, ఇదీ,” అన్నాడు రికార్డింగు ఆయన, కొంచెం జంకుతూ.

మర్నాడు అక్క అద్దం అవతల కూర్చుని వింటోంది, మాస్టారు పక్కనే ఉన్నారు. ఎండ ఆమె చేతి మీద పిల్లిలా ముడుచుకుని పడుకుంది. సాధువు పాడాడు. సంత నవ్వింది. గది మెల్లగా కరిగి యాభై ఏళ్ల కిందటి వంటిల్లయింది. అక్క వేలు గాల్లోకి లేచింది.

టక్.

“ఇక్కడ తప్పుందిరా,” అంది.

“నాకు తెలుసక్కా. ఆ నవ్వు నువ్వు మర్చిపోయుండవు.”

“ఎలా మర్చిపోతాను? అందుకే చెబుతున్నా. నువ్వింత పొడుగ్గా నవ్వలేదు. సగంలో నా మొహం చూసి ఆపేశావు. చివరిదాకా నవ్వింది నీ స్నేహితులు.”

ఇన్నేళ్లూ ఆయనకు నవ్వడం గుర్తుంది గానీ, ఆపడం గుర్తులేదు.

“మరి రాయడం ఎందుకు మానేశావు?”

“ఆ పాట బాగాలేదు కాబట్టి. నీ నవ్వుకి అంత సీను లేదులే.”

అబద్ధమైనా అక్క ఇలాగే చెబుతుందని ఆయనకు తెలుసు. అయినా గుండె కాస్త తేలికపడింది.

“వెళ్లు, మళ్లీ చదువు,” అంది అక్క. “ఆ జనంలో ఒకడు సగంలో ఆపెయ్యాలి.”

“పుస్తకంలో అలా లేదక్కా.”

“వినేవాళ్లకి వినపడుతుందిలే.”

మాస్టారు లోపలికి వెళ్లి తలుపు మూసుకున్నారు. సంత మళ్లీ నవ్వింది. అందులో ఒక గొంతు సగంలో ఆగింది.

అద్దం అవతల బల్ల మీద ఎండ ఉంది, వేలు ఉంది. రెండూ కదల్లేదు.