ఇక్కడ అరవై, ఊళ్లో యాభై రెండు

మా కంపెనీ ఆఫీసులో చాయ్ పోసేది జలంధర్. నేను డ్రైవర్ని, పేరు ఖుత్బుద్దీన్, మాది కోరుట్ల. ఖతర్‌లో, దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఇద్దరిదీ ఒకే రూము. అందుకే వాడి వయసు వాడికంటే నాకే బాగా తెలుసు.

పదిహేడేళ్లప్పుడు గల్ఫ్‌కు పోతానని వెళ్తే, ఏజెంటు మహానుభావుడు పోరగానికి వీసా రాదని పాస్‌పోర్టులో ఇరవై ఐదు రాయించాడు. మీసం రాకముందే ఎనిమిదేళ్లు పెద్దవాడినయ్యానని మనవాడు తెగ సంబరపడ్డాడు. తర్వాత ఊళ్లో ఆధార్ తీసినప్పుడు బడి సర్టిఫికెట్ చూసి అసలు వయసే ఎక్కించారు. ఒక్క మనిషికి రెండు వయసులు. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు.

ఈ ఏడు అడిగారు. మా కంపెనీలో అరవై నిండితే ఇంటికే. జలంధర్ ఆధార్ పట్టుకుని హెచ్చార్ రఫీయుద్దీన్ సారు దగ్గరికి పరిగెత్తాడు. సారుది హైదరాబాద్. మనవాడే కదా, కనికరిస్తాడని ఆశ.

"సార్, నాకు యాభై రెండే. సూడుండ్రి."

"అయితే పాస్‌పోర్టుల ఉన్నది అబద్ధమా?"

"ఏజెంటు రాసిండు సార్."

"ముప్పై ఐదేండ్లు అబద్ధం మీద తిరిగినవన్నట్టు. పోలీసులకు చెప్పాల్నా, అరవై ఏండ్ల పెద్దమనిషి లెక్క మర్యాదగ పోతవా?"

జలంధర్ నిలబడ్డచోటే అరవై ఏళ్లవాడైపోయాడు.

కంపెనీ ఇచ్చే చివరి సెటిల్‌మెంట్ ఊళ్లో కట్టిన ఇంటి అప్పుకే సరి. అయినా వాడికి ఇంకో ఆశ మిగిలింది. ముసలోన్ని అయ్యానుగా, సర్కారు పించనన్నా వస్తుందని భార్య నర్సవ్వను పంచాయతీకి పంపాడు. నర్సవ్వ బీడీలు చుడుతుంది. అడిగి వచ్చి ఫోన్ చేసింది.

"సెక్రటరీ మేడం నవ్వింది. యాభై ఏడు నిండాల్నట. నీకు ఇంక ఐదేండ్లున్నయట."

"పాస్‌పోర్టుల అరవై ఉన్నదని చెప్పకపోయినవా?"

"చెప్పిన. దుబాయ్ వయసు దుబాయ్‌లనే అడుక్కోమన్నది."

ఊరోళ్లకు గల్ఫంతా దుబాయే. నాకు ఒళ్లు మండింది. మనిషి ఇక్కడ పనికిరానంత ముసలోడు, అక్కడ పించను రానంత పడుచోడు.

మా ముదీర్, అంటే పెద్ద మేనేజరు, ఆయనదీ జలంధర్ దిగిపోయే రోజే రిటైర్మెంట్. ఖతారీ. వయసు యాభై ఐదు. ఆయనకు బతికినన్నాళ్లూ పించను. కంపెనీవాళ్లు లెక్క తెలిసినవాళ్లు కదా, ఇద్దరికీ కలిపి ఒకటే కేకు తెప్పించారు. తన సన్మానానికి తనే చాయ్ కాచుకున్నాడు మా జలంధర్.

ముదీర్ మంచివాడే. అదే నా బాధ. చెడ్డవాడైతే కడుపునిండా తిట్టుకునేవాణ్ణి.

"నేనింకా కుర్రవాణ్ణే," అన్నాడాయన హిందీలో. "అల్ వక్రాలో పడవ కొన్నాను, చేపలు పడతాను. కానీ జలంధర్ మనందరికీ పెద్ద. నాకు తండ్రిలాంటివాడు."

అని దగ్గరికొచ్చి, జలంధర్ తలను రెండు చేతులతో పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. పెద్దలకు ఇక్కడ ఇచ్చే గౌరవం అది. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది రఫీయుద్దీన్ సారు. జలంధర్ చేతిలో చాయ్ ట్రే అలాగే ఉంది.

తర్వాత కప్పులు కడుగుతుంటే వెళ్లి పక్కన నిలబడ్డాను.

"భాయ్, ఆయనకంటె నేను మూడేండ్లు చిన్నోన్ని," అన్నాడు. "తండ్రిని చేసిండు. కొడుక్కు పించను, తండ్రికి ముద్దు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇద్దరం నవ్వాం, ఏడుపు వచ్చేదాకా.

"యాభై ఏడు వచ్చేదాక యాడ ఉండాలె భాయ్? ఏం తినాలె?"

నాకూ అరవై నిండడానికి ఇంకా రెండేళ్లే.

అంతలో నర్సవ్వ ఫోన్. కప్పులు కడిగే చేతులు తడి, అందుకే స్పీకర్‌లో పెట్టాను.

"ఏమయ్యా, సన్మానం అయ్యిందా? ఇగ రా. ఆకు ఇంకింత ఎక్కువ తెస్త. బీడీలు చుట్టుడు నేర్పుత."

"ఈ వయసులనా?" అన్నాడు జలంధర్.

"ఏం వయసు? యాభై రెండే గద. నేర్చుకునే ఈడే."