ఒకే ఒక్క అచ్చు

ఆవిరి యంత్రం నోరు తెరిచింది. ఇర్మా హుడాక్ అందులో కింద ఒక లేబులు పరిచి, దానిమీద వేడి నల్లముద్ద పెట్టి, పైన ఇంకో లేబులు ఉంచి మీట నొక్కింది. నోరు మళ్లీ తెరుచుకునేసరికి పెళ్లిళ్లలో గెంతే పోల్కా పాటల రికార్డు ఒకటి తయారైంది. అంచున వేలాడుతున్న నల్లటి పీచు కత్తిరించి పక్కన పెట్టింది. ఆమె ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో నలిగిపోయి మళ్లీ వంకరగానే మొలిచింది.

"పోల్కా చాలు ఇర్మా," అంటూ మేస్త్రీ ఓర్విల్ రికార్డు మీద పాటని అచ్చేసే రెండు నికెల్ రేకులు పట్టుకొచ్చాడు. "మీ కుర్రాళ్ల అచ్చులొచ్చాయి. దీన్ని పాటంటారా? ఎవడో మెట్లమీంచి పెనాలు దొర్లించినట్టుంది."

"నాకున్నది ఒక్క కుర్రాడే," అంది ఇర్మా, రేకులు అందుకుంటూ.

యంగ్స్‌టౌన్‌లో ఉక్కు మిల్లులు మూతపడ్డాక, ఆమె ఇంటి నేలమాళిగలో నలుగురు కుర్రాళ్లు బ్యాండు మొదలుపెట్టారు. పేరు కోల్డ్ ఫర్నెస్. ఆమె కొడుకు రూడీ డ్రమ్ములు వాయించేవాడు. ఏ పాటా నిమిషం దాటేది కాదు. కింద వాళ్లు మొదలుపెడితే పైన వంటింటి అల్మారాలో గ్లాసులు నడిచేవి. ఇర్మా తిడుతూనే వాళ్లకి క్యాబేజీ నూడుల్స్ వండిపెట్టేది. చర్చి కింది హాల్లో మొదటి ప్రదర్శన రోజున, బీరు తాగే వయసు రాని పిల్లల్ని గుర్తుపట్టేలా వాళ్లందరి చేతుల మీదా నల్లసిరాతో అడ్డగీతలు గీసింది ఆమే. "రికార్డంటూ చేస్తే నా చేత్తోనే అచ్చేస్తాను," అని ఆరోజే మాటిచ్చింది.

పాటలు రికార్డు చేసిన వెంటనే పాత వ్యానెక్కి ఊళ్లమీద పడ్డారు. జనవరి. నెబ్రాస్కాలో రూడీకి జ్వరం ముంచుకొచ్చింది. మర్నాడు డెన్వర్‌లో ప్రదర్శన ఉంది. వాణ్ణి పెట్రోలు బంకు బెంచీమీద కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, బస్సెక్కి ఇంటికి పొమ్మన్నారు. మంచులో బస్సులు మారుతూ ఇల్లు చేరాడు. ఊపిరితిత్తుల నిండా నెమ్ము. ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. పూడ్చిపెట్టిన రోజున మిగతా ముగ్గురూ కాలిఫోర్నియాలో పాడుతున్నారు.

మధ్యాహ్నం క్రెయిగ్ వచ్చాడు. బ్యాండులో పాడేది వాడే. గుండు, చిరిగిన మోకాళ్లు, చేతుల్లో అట్టపెట్టె. అందులో వాళ్లే కత్తిరించి, మడిచి, జిగురుపెట్టి అతికించిన కవర్లు.

"బావున్నారా మిసెస్ హుడాక్? మీరన్నట్టే మీ దగ్గరికే తెచ్చాం."

ఇర్మా ఒక కవరు తిప్పి చూసింది. డ్రమ్ములు అన్నచోట టాడ్ అని ఉంది.

"టాడ్ ఎవడ్రా?"

"ఇప్పుడు వాయిస్తున్నది వాడేనండీ. రేపు జనం చూసేది వాణ్ణే కదా..."

"రికార్డులో కొట్టింది వాడా?"

క్రెయిగ్ ఆ కవరు అందుకుని మళ్లీ పెట్టెలో పెట్టేశాడు.

"పాటలు ఎక్కించిన అసలు టేపు దాచారా, లేదా?"

"లేదండీ. కొత్త టేపు కొనలేక స్టూడియోవాడిది వాడుకున్నాం. వాడు దానిమీదే ఇంకెవరినో ఎక్కించేశాడు. ఇక ఈ రేకులే. కాస్త జాగ్రత్తగా..."

"వెళ్లి వెనక అరుగుమీద కూర్చో."

ఆమె రేకులు బిగించి, లేబుళ్లు పరిచి, ముద్ద పెట్టి ఒకే ఒక్క రికార్డు తీసింది. దాన్ని పరీక్షగదిలోకి తీసుకెళ్లి సూది ఆనించింది. కాసేపు గరగర. తర్వాత రూడీ గొంతు. "వన్, టూ, త్రీ, ఫోర్!" ఆ వెంటనే ఇల్లు కూలినట్టు డ్రమ్ములు. నాలుగు దగ్గర వాడి గొంతు ఎప్పుడూ కీచుమనేది. ఇప్పుడూ కీచుమంది.

ఇర్మా సూది ఎత్తి మళ్లీ మొదట్లో పెట్టింది. వాడి గొంతు ఇందులో తప్ప ఇంకెక్కడా లేదు. ఇది బయటికెళితే ప్రతి ఊళ్లోనూ రూడీ అరుస్తాడు, ప్రతి ఊళ్లోనూ టాడ్‌కి చప్పట్లు పడతాయి. అచ్చు విరిస్తే రూడీ అరుపూ ఇక్కడితో ఆగిపోతుంది. రికార్డు ఆగేదాకా నిలబడింది. తర్వాత దాన్ని కోటు లోపల పెట్టుకుని బొత్తాలన్నీ వేసుకుంది.

యంత్రం దగ్గరికొచ్చి, పెద్ద పానా తీసి రెండు రేకుల మధ్య పెట్టి మీట నొక్కింది.

ఆ చప్పుడుకి ఓర్విల్ పరుగెత్తుకొచ్చాడు. "పానా జారిందా?"

"జారలేదు."

అతను వంకరపోయిన రేకుల వంకా, బొత్తాలు బిగించిన ఆమె కోటు వంకా చూశాడు. "జారిందను ఇర్మా. ఓనరుకి నేను చెప్పుకుంటాను."

"నేనే పెట్టానని చెప్పు."

చేతిజోళ్లు విప్పి మీటకి తగిలించింది.

వెనక అరుగుమీద క్రెయిగ్ లేచి నిలబడ్డాడు. "అయిపోయాయా?"

"ఒకటయింది. అది నాది. అచ్చు విరిచేశాను."

"అయ్యో, ఎందుకండీ! అందులో రూడీ కూడా ఉన్నాడు కదా!"

"ఉన్నాడు. ఒకసారి మీ వెంట పంపాను. ఇంక పంపను."

ఆమె మెట్లు దిగి వీధిలోకి నడిచింది. కాసేపటికి క్రెయిగ్ కూడా వ్యాను వైపు వెళ్లిపోయాడు, ఉత్తచేతులతో. సన్నగా తుంపర మొదలైంది. అరుగుమీద అట్టపెట్టె తెరిచే ఉంది. లోపలేమీ లేని కవర్లు తడిసి, జిగురు వదిలి, ఒక్కొక్కటే నోరు తెరుస్తున్నాయి.